రెక్కకు మొదటి వరుస కుట్లు

సుల్తానాబాద్‌లో మా షెడ్డులో నేను సొంతంగా చిన్న విమానం కడుతున్నాను. రెక్క చట్రం మీద కప్పే గుడ్డను దానికి కుట్టే పనిని మాత్రం రెండు నెలలుగా వాయిదా వేస్తూ వచ్చాను. కుట్లు సరిగా పడకపోతే గాలిలో గుడ్డ లేచిపోతుందని భయం. ఈ రోజు పొడుగు సూది కోసం పరుపులు కుట్టే ఖాసీం భాయ్ దగ్గరికి వెళ్తే, రెక్కను తానే చూస్తానని షెడ్డుకు వచ్చాడు.

"గింతదానికి ఫికరెందుకు తమ్మీ? ముందుగాల పాత గుడ్డ మీద ఇరవై కుట్లెయ్యి. చెయ్యి కుదిరినంక రెక్కను ముట్టు" అన్నాడు.

అలాగే చేశాను. ఇరవై కుట్లయ్యాక రెక్క దగ్గరికి వెళ్లాను. సాయంత్రానికి మొదటి వరుస పూర్తయింది. ఖాసీం భాయ్ ఒక్కో ముడినీ లాగి చూసి, "ఎగిరే రోజు నన్నుగూడ ఎక్కించుకో" అన్నాడు.

"భయం లేదా?" అన్నాను.

"కుట్లు సూశిన గద!"

విమానాన్ని ఎగరనిచ్చే ముందు తనిఖీకి వచ్చే అధికారులు కూడా ఇంత మాట అంటే చాలు. భయపడి పక్కన పెట్టిన పని మీకూ ఏదైనా ఉందా?