దొరసాని రాయని పాఠం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అర్జీలంటే ఉంది. సోమశిల రేవులో మునిగిపోయినవాళ్లు పేరు పెట్టి పిలుస్తారని మా అమ్మమ్మ చెప్పేది. చిన్నప్పుడు అదే రేవులో పొద్దంతా ఈదాను. నన్నెవరూ పిలవలేదు. కాబట్టి దీన్ని దయ్యం కథ అనుకోవద్దు. నా మీద వేసిన నిందకు ఇది నా జవాబు.

అప్పుడు యుద్ధం జరుగుతోంది. వనపర్తి శివారులో ఒక చిన్న బడిలో నేను పంతులుగా ఉన్నాను. ఊళ్లో అమెరికావాళ్ల దవాఖానలో ఒక నర్సు ఉండేది. అందరూ దొరసాని అనేవారు. నేను ఆమెకు తెలుగు నేర్పేవాణ్ని.

నేర్పే పద్ధతి ఇది. దొరసాని తల్లి తమ ఊరి వారపత్రికలను కట్టగట్టి పంపేది. యుద్ధం వల్ల అవి నెలలు ఆలస్యంగా వచ్చేవి. దొరసాని అందులోంచి ఒక చిన్న వార్త ఎంచుకుని, నోటుబుక్కులో తెలుగులో రాసేది. గురువారం సాయంత్రం ఆమె వంటమనిషి మరియమ్మ ఆ బుక్కును మా ఇంటి అరుగు మీద పెట్టిపోయేది. నిజాం రాజ్యంలో శుక్రవారం బడికి సెలవు. ఆ రోజు నేను ఎర్రసిరాతో దిద్దేవాణ్ని.

ఆమె ఊరు గోధుమ పొలాల మధ్య చిన్న ఊరు. ఒకామె చేసిన పండ్ల రొట్టెకు సంతలో మొదటి బహుమతి వచ్చింది. మంగలి దుకాణం అద్దాన్ని గుర్రం తన్నింది. మంచులో పోస్టు బంట్రోతు జారిపడి కాలు విరిగితే, కాలు కుదిరేదాకా పక్కింటివాళ్లే ఆయన ఆవు పాలు పితికారు. ఇవీ వార్తలేనా అని మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత గురువారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. గద్వాల బజారు కంటే ఆ ఊరి బజారే నాకు బాగా తెలుసు.

తప్పులకు లెక్క లేదు. గుర్రానికి ‘గారు’ తగిలించేది, పాదిరిని ‘అది’ అనేది. ఏ పేజీలోనూ ఇరవై తప్పులకు తక్కువ ఉండేవి కావు.

ఒక వార్త నన్ను చాలా రోజులు వదలలేదు. ఆ ఊరి కాలువ మీద చెక్క వంతెనలో ఒక పలక విరిగింది. ఒకాయన పత్రికకు ఉత్తరం రాశాడు. మరుసటి వారం పత్రికలో పలక మార్చినట్టు వచ్చింది. ఒక్క ఉత్తరానికి.

మా బడి వెనక గోడకు నిలువునా బీట పడింది. రాయి, మట్టితో కట్టిన గోడ. నేను మూడు అర్జీలు రాశాను. మొదటిదాన్ని మా పెద్దపంతులు నాలుగు మడతలు పెట్టి, తన బల్ల కుంటికాలు కింద పెట్టాడు. నేను దాన్ని చూశానని ఆయనకు తెలుసు. రెండోది ఎటు పోయిందో తెలియదు. మూడోది ఇచ్చినప్పుడు పిల్లలందరి ముందు అన్నాడు: “పంతులూ, నీకు జీతం బోర్డు సూసెటందుకు ఇస్తుండ్రు, గోడ సూసెటందుకు గాదు.” పిల్లలు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ ఏడాది వానలు నాలుగు రోజులు విడవకుండా పడ్డాయి. గురువారం సాయంత్రం ఎప్పటిలాగే నోటుబుక్కు అరుగు మీద ఉంది. పైన చుట్టిన గుడ్డ పొడిగా ఉంది. చూరు అడ్డం ఉందిగదా అనుకున్నాను. శుక్రవారం తెరిచి చదివాను. ఆ పేజీ ఇది:

‘వానకు నాని మా బడి వెనక గోడ పడిపోయింది. రెండో గంట కొట్టిన తర్వాత పడింది. పంతులు అంతకుముందే పిల్లలను బయటికి తీసుకువచ్చి వేపచెట్టు కింద కూర్చోబెట్టాడు. ఒక్కరికీ దెబ్బ తగలలేదు. ఊరివాళ్లు ఆ పంతులును మెచ్చుకోలేదు.’

అంతే. ఒక్క తప్పు కూడా లేదు. నేను చెప్పిన పాఠం ఇన్నాళ్లకు ఆమెకు పట్టిందని పొంగిపోయాను. చివరి మాట దగ్గర మాత్రం ఆగాను. పిల్లలను కాపాడినవాణ్ని మెచ్చుకోకుండా ఎలా ఉంటారు, అందులోనూ ఆ ఊరివాళ్లు? దొరసాని పొరపాటు పడిందనుకుని ‘మెచ్చుకోలేదు’ కొట్టేసి, పైన ‘మెచ్చుకున్నారు’ అని రాశాను.

అది భవిష్యత్తు చెబుతోందని నేను అనుకోలేదు. నాకు కలిగింది అసూయ. అక్కడి పంతులు చేసిన పని ఇక్కడి పంతులు ఎందుకు చేయకూడదు? శనివారం పొద్దున వాన వెలిసింది. మొదటి గంట కొట్టగానే నా తరగతి పిల్లలను లేపి, పలకలు పట్టించి, ఆవరణలో ఉన్న వేపచెట్టు కింద బురద లేనిచోట కూర్చోబెట్టాను.

పెద్దపంతులు బయటికి వచ్చాడు.

“ఏంది పంతులూ, బడిని జాతర జేసినవ్? లోపలికి తోలు.”

“తోలను సార్. అమెరికాల ఒక పంతులు గిట్లనే బయట కూసోబెట్టిండు.”

“అయితే జీతం గూడ ఆడికే పోయి తెచ్చుకో.”

బంట్రోతు రెండో గంట కొట్టాడు. ఆ మోత ఇంకా ఆగకముందే గోడ పడింది. పక్కకు కాదు, లోపలికి, పిల్లలు కూర్చునే చోటి మీదికి. మట్టి కమ్మింది. పిల్లలు ఏడవలేదు. పెద్దపంతులు తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

మధ్యాహ్నానికి ఆయన తేరుకున్నాడు. “నీకెట్ల తెల్సె? గోడ కింద నువ్వే తవ్వినవ్. నీ అర్జీ నిజం జేసుకునెటందుకు తవ్వినవ్.”

తాలూకా ఆఫీసు నుంచి ఒక అధికారి విచారణకు వచ్చాడు. గోడ కింద తవ్విన గుర్తులు కనిపించలేదు. నేను నోటుబుక్కు ముందు పెట్టాను. అమెరికా వార్త చదివి జాగ్రత్తపడ్డానని చెప్పాను. పెద్దపంతులు ఆ పేజీ రెండుసార్లు చదివాడు. ఆయనకు నవ్వొచ్చింది.

“సాబ్, జర గిది సూడుండ్రి. అమెరికాల యాపచెట్టు ఉంటదా?”

పేజీని నావైపు తిప్పుకున్నాను. ఆ ఊరి పండ్లచెట్లు నాకు తెలుసు, మంచు తెలుసు, మంగలి దుకాణం తెలుసు. వేపచెట్టు అన్న మాట నా కళ్ల ముందే ఉంది. తప్పులు వెతికే కన్ను దాన్ని దాటి పోయింది.

దొరసాని పది రోజులుగా నాగర్‌కర్నూలులో ఉందని అప్పుడే తెలిసింది. ఆమె తిరిగి వచ్చాక అధికారి బుక్కు చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది. “ఇది నా చేతిరాతే. కానీ నేను ఇది రాయలేదు,” అంది. పోయేముందు ఆ బుక్కును పెట్టెలో పెట్టి తాళం వేసిందట. తాళంచెవి ఆమె మెడలోనే ఉంది. పెట్టె తాళం వేసినట్టే ఉంది, లోపల బుక్కు లేదు. వాళ్ల ఊరి బడి చెక్కతో కట్టిందట, అక్కడ పడటానికి మట్టిగోడే లేదట. మరియమ్మను అడిగితే, “దొరసాని ఊర్ల లేనప్పుడు బుక్కు ఎందుకు తెస్త? నాకు అచ్చరం గూడ రాదు,” అంది.

తర్వాత కొత్త పత్రికల కట్ట వచ్చినప్పుడు దొరసాని నన్ను పిలిపించి, ఒక్కొక్కటీ తిప్పి చూపించింది. పెళ్లిళ్లు ఉన్నాయి, గోధుమ ధరలు ఉన్నాయి, తప్పిపోయిన ఒక కుక్క ఉంది. గోడ లేదు. నోటుబుక్కును నా చేతిలోనే పెట్టింది. మళ్లీ పాఠం చెప్పించుకోలేదు.

ఆఫీసువాళ్లు నా ముందు ఒక కాగితం పెట్టారు. ‘ఆ పేజీ నేనే దొరసాని చేతిరాతను అనుకరించి రాశాను, క్షమించండి.’ సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది. పెట్టకపోతే పోతుంది.

మా ఆమె ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అంది: “పిల్లలు బతికిండ్రు గద. గది సాలదా మీకు? ఒక్క సంతకం పెట్టుండ్రి.”

“రాయనిదాన్ని రాసిన్నని ఎట్ల పెడత?”

“గోడతోని గూడ పంచాయితి పెట్టుకునెటోళ్లు మీరు,” అని చారు గిన్నె కొంచెం గట్టిగానే కింద పెట్టింది.

పెట్టలేదు. ఉద్యోగం పోయింది. కొత్త గోడ కట్టినరోజు, పిల్లలను కాపాడినందుకు పెద్దపంతులుకు పూలదండ వేశారు. నన్ను పిలవలేదు. నేను ఎదురుగా రోడ్డు అవతల నిలబడి అంతా చూశాను. ఆ ముప్పై మంది పిల్లల తల్లిదండ్రుల్లో ఒక్కరు కూడా నావైపు తిరిగి చూడలేదు.

ఇప్పుడు ఆత్మకూరులో ఉంటున్నాను. పక్క ఊళ్ల రైతులకు అర్జీలు రాసిపెడతాను. కూర్చునేది వేపచెట్టు కిందే. ఇంకెక్కడా నీడ లేదు.

నోటుబుక్కు నా దగ్గరే ఉంది. ఆ పేజీ ఎవరు రాశారో, తాళం వేసిన పెట్టెలోంచి మా అరుగు మీదికి ఎలా వచ్చిందో నాలుగేళ్లుగా ఆలోచిస్తున్నాను. నాకు తెలియదు. తెలుసునని చెప్పేవాళ్లను నమ్మను. నేను రాయలేదన్నది మాత్రం ఎవరి ముందైనా చెబుతాను.

పూలదండ చూసి ఇంటికి వచ్చిన రోజు దాన్ని మళ్లీ తెరిచాను. గోడ నిజమైంది. రెండో గంట నిజమైంది. వేపచెట్టు నిజమైంది. ఆ పేజీలో తప్పు ఒక్కటే ఉంది, అది ఎర్రసిరాతో ఉంది. ఆ ఒక్క మాట నేనే రాశానని సంతకం అడిగితే ఈరోజే పెడతాను.