తెగని చీకటి తెలిసిన మేష్టారు

మా మేష్టారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను ఇక్కడ గల్ఫ్‌లో, దుఖాన్ రోడ్డు మీద, డ్యూటీకి వెళ్తున్నాను. అల్ అజీజియాలో వాళ్ళింట్లో, పొద్దున కాఫీ తాగుతూ కూలిపోయారట. గుండె అన్నారు డాక్టర్లు. నేనూ అదే నమ్మడానికి ప్రయత్నిస్తున్నాను.

ఆయన బడి మేష్టారు కాదు. ఎడారిలో, కిటికీలు లేని షెడ్లలో ఎల్‌ఈడీ లైట్ల కింద పూలు పెంచే మా ఫామ్‌కి పెద్ద. నాకు లైట్ల పని నేర్పారు కాబట్టి మేష్టారు. అమలాపురం వైపు మనిషి. ఎవరినీ ‘నువ్వు’ అనేవారు కాదు. చేమంతుల గదిలోకి వెళ్ళేముందు చీకట్లో మెరిసే ముళ్ళున్న చేతి గడియారం విప్పి జేబులో వేసుకునేవారు.

“నీలం వెలుగు మొక్కని పొట్టిగా, గట్టిగా ఉంచుతుందండీ. ఎరుపు బలమిస్తుంది. పువ్వుని పిలిచేది మాత్రం తెగని చీకటి. ఆ చీకట్లో కాస్త ఎర్ర వెలుగు దూరినా మొగ్గ ఆగిపోతుంది” అనేవారు.

ఇక్కడికి రాకముందు ఆయన కెనడాలో, చట్టం అనుమతించిన మందుల కంపెనీలో గంజాయి మొక్కల మీద పనిచేశారు. ఏ రంగు వెలుగుకి పూత ఎలా మారుతుందో చూడటమే ఉద్యోగం. నాకు ఒక్కసారే చెప్పారు, కారు అద్దాలు ఎత్తించి. “చేమంతికీ దానికీ చీకటి గుణం ఒకటేనండీ. ఈ దేశంలో ఆ మాట మళ్ళీ ఎత్తొద్దు.”

ఒక శుక్రవారం ఏషియన్ టౌన్‌లో చాయ్ తాగుతుంటే జగిత్యాల డ్రైవర్ ఒకతను మా బల్ల దగ్గరికి వచ్చాడు.

“చెట్ల సార్ అంటే మీరేనా? మా ముదీర్, గదే మా మేనేజర్, ఒక విల్లాల మందుల చెట్లు పెట్టిండు. నన్నే చూస్కోమన్నడు. ఆకులు మస్తు వచ్చినయ్, పువ్వు వస్తలేదు. లైట్ మార్చాల్నా సార్?”

ఫోన్‌లో ఫొటో చూపించాడు. గులాబీ వెలుగులో గోడ నుంచి గోడ దాకా ఆకులు. మేష్టారి ముఖం పాలిపోయింది.

“లైట్ సంగతి నేను చెప్పను బాబూ. అది గంజాయి. మీరు ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళకండి.”

అతను ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టేశాడు. “నాకు ఎరుక లేదు సార్. పిల్లల మీద ఒట్టు.”

మనకెందుకండీ అన్నాను తరవాత. “తెలిసిపోయింది కదండీ. ఇక తెలియనట్టు ఉండలేను” అన్నారు. మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్ళారు. తనంతట తానే వచ్చాడని, ఎన్నో ప్రశ్నల తరవాత, పోలీసులు అతన్ని ఊరికి పంపేశారు. కానీ వాళ్ళు వెళ్ళేసరికి విల్లా ఖాళీ. సీలింగుకి కొక్కేలు, తడి నేల, ఘాటైన వాసన. మొక్కలూ లేవు, ముదీరూ లేడు.

అప్పటినుంచి మేష్టారికి ఫోన్లు మొదలయ్యాయి. ఒకటి నా ఎదుటే వచ్చింది. నెమ్మదైన గొంతు, ఉర్దూ. పూత ఎందుకు రావడం లేదో ఒక్క మాట చెప్తే చాలు, మళ్ళీ పిలవం అంది. మేష్టారు “మాలూమ్ నహీ” అని పెట్టేశారు. పోలీసులకి చెప్పారు, నంబర్ మార్చారు. ఆ గొంతు కొత్త నంబర్‌కీ వచ్చింది. హోటల్‌కి వెళ్తే గుమ్మానికి ఎదురుగా కూర్చునేవారు. ఇంట్లో వాళ్ళావిడకి, మా ఆంటీకి, మాత్రం చెప్పలేదు.

“ఆ మొక్కలు ఎక్కడో ఇంకా ఆకులేస్తూనే ఉంటాయండీ” అన్నారొకసారి, చేమంతులకి నీళ్ళు చూస్తూ.

ఒక్క మాట చెప్పేస్తే ఆయన నిశ్చింతగా ఉండేవారేమో. చెప్పకుండానే వెళ్ళిపోయారు. కబురు చెప్పడానికి జగిత్యాలకి, ఆ డ్రైవర్‌కి ఫోన్ చేశాను. “ఇయ్యాల నా పిల్లల దగ్గర ఉన్ననంటే ఆ సార్ వల్లనే” అన్నాడు. నేనిలా ఉన్నానన్నా ఆయన వల్లనే. భయపడుతూ కూడా సరైన పని చేయవచ్చని ఆయన్ని చూసే తెలుసుకున్నాను.

నిన్న ఆంటీ ఇంట్లో ప్రార్థన జరిగింది. అందరూ టీలు తాగుతుండగా, ఎవరూ ఎరగని ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. తెలుగువాడే. మర్యాదైన మాట.

“పెద్దాయన పోయారు, పాపం. ఫామ్‌లో ఇప్పుడు లైట్లు ఎవరు చూస్తున్నారండీ?”

“నాకు తెలీదండీ” అన్నాను.

ఆయన తలూపి, లేచి ఆంటీకి నమస్కారం పెట్టాడు. గుమ్మం దగ్గర తన చెప్పులు వేసుకున్నాక కూడా కదల్లేదు. అక్కడ విడిచిన మిగతా జతలన్నిటినీ, ఫామ్ మట్టి అంటిన నా జోళ్ళతో సహా, ఒక్కొక్కటిగా చూస్తూ నిలబడ్డాడు.