హాల్లో చింతచెట్టు

కొన్నాళ్లుగా పద్నాలుగో అంతస్తులోని మా హాల్లో మురిగిన మట్టి వాసన. ఊదుబత్తి వెలిగించినా, కిటికీ అద్దం జరిపినా పోని ఆ వాసన టీవీ పక్కనున్న పళ్లెం లాంటి కుండీలోంచి వస్తోంది. అందులో మూరెడు కూడా లేని చింతచెట్టు వేళ్లు కుళ్లి చచ్చిపోతోంది. నేను చూస్తూ కూర్చున్నాను.

దీని తల్లిచెట్టు నార్సింగిలో మా పొలం గట్టున ఉండేది. అప్పటికి నార్సింగి ఊరే, ఇంకా సిటీలో కలవలేదు. ఎండలు ముదిరే వేళకు కొమ్మకొమ్మకూ ఎర్రటి చిగురు వచ్చేది. పిల్లలం గౌను ఒళ్లలోకి దూసి తెచ్చి పోస్తే, నానమ్మ దాన్ని అరచేతుల్లో నలిపి, పుల్లలు ఏరి, కందిపప్పులో వేసి, ఎల్లిపాయ, ఎండుమిరపకాయలతో పోపు పెడితే వాకిట్లో ఉన్నవాళ్లకూ నోరూరేది. పొద్దుగూకితే మాత్రం ఎవరినీ చెట్టు దగ్గరికి పోనిచ్చేది కాదు. ముడుచుకున్న ఆకులు చూపించి, "ముట్టకు బిడ్డా, చెట్టు పండుకున్నది. జర తెల్లారనియ్యి" అనేది.

రోడ్డు కోసం ఆ చెట్టును కొట్టేసిన ఏడాది నానమ్మ ఒక గింజను కుండలో పాతింది. ఆమె పోయాక ఆ మొక్క నాకు దక్కింది. అపార్ట్‌మెంట్లో చింతచెట్టేమిటని అందరూ నవ్వితే, పంతం కొద్దీ బోన్సాయ్ నేర్చుకుని వేళ్లు కత్తిరించాను, కొమ్మలకు తీగ చుట్టాను, కన్నబిడ్డలా సాకాను. ఎదురుగా కొత్త టవర్ లేచేదాకా బాల్కనీలో బాగానే ఉంది. ఎండ పోయాక హాల్లోకి తెచ్చి, మొక్కలకు ఎండలా పనిచేసే ఊదారంగు దీపం పెట్టాను. అది తెల్లవార్లూ వెలిగేది. ఆ వెలుగులో చెట్టుకు నిద్రే కరువైంది. ఏసీ గాలికి పైమట్టి పొడిబారినప్పుడల్లా దాహమేస్తోందనుకుని ఇంకాస్త నీళ్లు పోశాను. అడుగున వేళ్లు మురిగాయి.

నిన్న చెట్టు బెరడును గోటితో గీకి చూశాను. ఎక్కడా పచ్చదనం లేదు. "ఇగ తీసెయ్ మమ్మీ, కొత్తది ఆర్డర్ పెడదాం" అంది నా కూతురు. దాని తప్పేం లేదు. దానికి ఏ చింతచెట్టయినా చింతచెట్టే.

అప్పుడు గుర్తొచ్చింది, అటక మీది నా చిన్ననాటి రేకుడబ్బాలో ఆ తల్లిచెట్టు గింజలున్నాయని. ఆశగా డబ్బా దించి మూత తీశాను. గుప్పెడు ఉన్నాయి. అన్నీ అష్టాచెమ్మా ఆడేందుకు మేం బండ మీద అరగదీసినవే: ఒకవైపు నల్లటి తొక్క, ఒకవైపు తెల్లటి పప్పు. సగం అరిగిన గింజ మొలకెత్తదు. ఒక్కటైనా నిండు గింజ ఉందేమోనని నేల మీద పోసి ఏరాను, మళ్లీ ఏరాను. లేదు.