గుంత ఉన్న గదికి రేటు కట్టిన కాక

పోయిన సోమవారం పొద్దున మా కాక చనిపోయాడు. నర్సంపేట రోడ్డులో ఎవరికో ఇల్లు చూపించి వచ్చి, కుర్చీలో కూర్చుని ఛాయ్ పెట్టమన్నాడట. చిన్నమ్మ గ్లాసు పట్టుకొని వచ్చేసరికి లేడు. కాక మా బాపుకు తమ్ముడు, ఇండ్ల బ్రోకర్. నేనేమో కరపత్రాలూ చిన్న పుస్తకాలూ చదివి, సొంత ఆస్తే మనుషుల్ని విడదీస్తుందని నమ్మినవాణ్ని. ఆయన కమీషన్ తీసుకున్న ప్రతిసారీ పోట్లాడాను. అయినా వరంగల్ గల్లీల్లో ఆయన స్కూటర్ వెనక కూర్చుని తిరిగినంత సంతోషంగా ఇంకెవరితోనూ తిరగలేదు.

ఇల్లు అమ్ముకునేవాళ్ల కన్నా పెంచుకున్నవాళ్లే కాకను ఎక్కువ పిలిచేవాళ్లు. వెనక ఒక గది వేస్తారు, లేదా రేకులు దించి స్లాబు పోయిస్తారు. దానితో ఇంటి విలువ ఎంత పెరిగిందో చెప్పమంటారు. కాక ముందుగా టేపు తీసేవాడు కాదు. మిట్టమధ్యాహ్నం వెళ్లి, కొత్త గదిలో లైటు ఆర్పించి, పేపరు తెరిచేవాడు. అక్షరాలు కనబడకపోతే కొంత తగ్గించేవాడు. తర్వాత పాత గదిలోకి వెళ్లి మళ్లీ తెరిచేవాడు. కొత్త గోడ పాత కిటికీని మూసేసి ఉంటే ఇంకొంత తగ్గేది. ఆఖరికి ఇంటావిడను అడిగేవాడు, "అక్కా, గీ రూముల ఏం పెట్టుకుంటానవ్?" విరిగిన కుర్చీలు, పాత మంచం అని ఆమె అన్నదంటే, పెట్టిన ఖర్చులో సగం కూడా రాదని మొహం మీదే చెప్పేవాడు.

"ఖర్సు నువ్వు పెట్టినవ్. రేటు కొనేటోడు పెడ్తడు. వాడు లోపలికొచ్చి ఏడ నిలవడ్తడో చూడు, గాడ ఉంటది పైస."

నాకు మండేది. "కూలోళ్ల చెమటకు ఇలువ లేదా కాకా?"

"ఉన్నదిరా. కొనేటోనికి పనికొస్తే ఉన్నది. నీ పుస్తకంల ఇల్లు కొన్నోడు ఎవడన్న ఉన్నడా?"

లోపలి నుంచి చిన్నమ్మ అందుకునేది. "ఊరోళ్ల రూములకు రేటు కడ్తడు. మన వంటింట్ల ఓ సజ్జ కొట్టియ్యుమంటే మాత్రం చెవులు వినవడయ్."

"సజ్జతోని రేటు పెరగదే" అనేవాడు కాక, ఎంతో గంభీరంగా.

కొత్తవాడలో ఒకసారి, జంపఖానాలు నేసే అన్నదమ్ముల పంపకానికి పిలిచారు. తమ్ముడు తన కష్టంతో ఇంటి వెనక ఒక పొడుగు గది కట్టి, అందులో గుంట మగ్గం పెట్టుకున్నాడు. కాళ్లు దించి కూర్చుని నేయడానికి నేలలో గుంత తవ్వించాడు. ఇప్పుడు ఇల్లు అన్నకు పోతోంది. వచ్చే వాటాతో తమ్ముడు తన భార్య ఊరైన వర్ధన్నపేటలో ఇల్లు కట్టుకోవాలి. గది విలువ కలిస్తేనే ఆ ఇంటికి పైకప్పు పడుతుంది, లేకపోతే పని గోడల దగ్గరే ఆగుతుంది.

అన్న కూడా నేతగాడే, వేరేవాళ్ల షెడ్డులో కూలికి నేస్తాడు. అయినా ఒప్పుకోలేదు. "జాగకు ఇస్త కాకా. గుంతకేం ఇస్త? రేపు నౌకరీ చేసేటోడెవడన్న కొంటే, ముందుగాల దాన్ని పూడ్వుమంటడు."

"మా అన్నకు చెప్పు కాకా, గా గుంత నేను ఊకెనే తవ్వలేదని" అన్నాడు తమ్ముడు. ఇద్దరూ రెండు బారల దూరంలోనే ఉన్నారు. నెలలుగా వాళ్ల మధ్య మాటల్లేవు.

నేను ఆగలేకపోయాను. మోసిన ప్రతి ఇటుకకూ లెక్క కట్టాలని, ఇది దోపిడీ అని అరిచాను. కాక నా భుజం మీద చెయ్యేశాడు. "జర ఊపిరి తీస్కో బిడ్డా, మగ్గం అదురుతాంది." తర్వాత అన్న వైపు తిరిగి, "ఒక్కపారి గుంతల కూసో" అన్నాడు.

అన్న విసుక్కుంటూ కాళ్లు దించాడు. కిటికీ వెలుగు సరిగ్గా నూలు మీద పడుతోంది. పాదాలు తొక్కుడు కర్రలను వెతుక్కున్నాయి. చెయ్యి తనంతట తానే అడ్డపోగును నడిపే నాడె అందుకుంది. ఒక వరుస వేశాడు, ఇంకొకటి వేశాడు. కాక పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. చాలాసేపటికి అడిగాడు.

"నౌకరీ చేసేటోడు కొంటే పూడుస్తడు, నిజమే. కొంటాంది నువ్వు. పూడుస్తవా?"

అన్న తలెత్తలేదు. "పూడ్వ" అన్నాడు.

"అయితే మగ్గమున్న రూముకు కట్టినట్టే కడ్తాన రేటు."

అలా గది విలువ తమ్ముడి వాటాలో కలిసింది. వర్ధన్నపేటలో పైకప్పు పడింది. కష్టానికి విలువ కొనేవాడి అవసరంతోనే వస్తుందన్న మాటను మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను. కొనేవాడు దొరకని కష్టం సంగతేమిటని కాకను గట్టిగా నిలదీయాల్సి ఉంది. వాదన సగంలో వదిలేసి పోయాడని కోపం వస్తుంది కూడా. ఆ కోపంలోనే ఆ మధ్యాహ్నం గుర్తొచ్చి నవ్వొస్తుంది.

రేటు తేలాక కాకకు ముచ్చటేసింది. "నేను సుత కూసుంట" అని గుంతలోకి దిగాడు. పైకి లేవబోతే మగ్గం కర్ర పొట్టకు అడ్డం పడింది. నేను ముందుకు పోతుంటే కళ్లతోనే ఆపి, రెండు చేతులూ రెండు వైపులా చాపాడు. ఒక చెయ్యి అన్న పట్టుకున్నాడు, ఒకటి తమ్ముడు. ఒకరు లాగినప్పుడు ఇంకొకరు వదులుతున్నారు.

"గట్ల కాదురా, ఇద్దరం ఒక్కపారే గుంజాలె" అన్నాడు అన్న, తమ్ముడితో.

"నువ్వు చెప్పే, నేను గుంజుత" అన్నాడు తమ్ముడు.

మధ్యలో కాక, తెల్లచొక్కా నిండా రంగురంగుల నూలు పోగులతో, పొట్ట కదిలేలా నవ్వుతున్నాడు.