కర్పూరం ముందు మిలిటరీ ప్లీడరు

రాజుపాలెం మిలిటరీ బ్రహ్మం సరిహద్దు మంచులో ఒకసారి గట్టిగా దగ్గితే, అవతలి దేశపు సైనికులు ఫిరంగి పేలిందనుకుని రెండు కొండలు వెనక్కి జరిగారు. జరిగింది సైనికులేనా, కొండలు కూడానా అన్నదొక్కటే ఊళ్లో ఇంకా తేలలేదు.

ఆయన పోయి ఏడాది కావస్తున్నా ఇలాంటి కథలు పుడుతూనే ఉన్నాయి. క్వారీలో రాళ్లు కొట్టే ఇంట పుట్టి, మీసం మొలవగానే పటాలంలో చేరి, హవల్దారుగా పింఛను పుచ్చుకుని వచ్చాడు. తోటివాళ్లు పిల్లలకు సంబంధాలు చూసుకునే వయసులో గుంటూరు వెళ్లి లా చదివాడు. సత్తెనపల్లి కోర్టులో వాదన మొదలుపెడితే, పక్క హాల్లో సాక్షులు తమనే పిలిచారనుకుని లేచి నిలబడేవారు. “ప్లీడరు గారూ, ఇది కోర్టు, పరేడు కాదు” అని జడ్జిగారు అనని వాయిదా లేదు.

అంత గొంతున్న మనిషికి నోట మాట రాకుండా చేసింది పోలమ్మ.

ఆమె భర్త మస్తానయ్య కాళ్లు క్వారీలో బండ కింద పడి నుజ్జయ్యాయి. పుండ్లు మానక తరచూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంటికి ఉన్నది ఒక్కటే సందు. అది తనదేనంటూ పక్కింటి రైతు సాంబశివరావు అడ్డంగా గోడ కట్టాడు. ఆటో రాదు. మస్తానయ్యను మంచంతో సహా పొలంగట్ల మీద మోసుకుపోవాల్సిందే. బ్రహ్మం దావా వేసి మూడేళ్లు నడిపాడు. సాంబశివరావు బోనెక్కి, దేవుడి మీద ప్రమాణం చేసి మరీ, సందు తాతల నాటి నుంచి తమదేనన్నాడు. అయినా కోర్టు పంపిన కమిషనరు వచ్చి కొలిచి, అది అందరి దారేనని రాసిచ్చాడు. ఇక తీర్పు రావడమే తరువాయి.

సరిగ్గా అప్పుడు పోలమ్మ ఊరి పెద్దల ముందుకెళ్లింది. అంకమ్మ తల్లి గుళ్లో కర్పూరం ఆర్పి, సందు తనదేనని సాంబశివరావు ప్రమాణం చేస్తే కేసు వదులుకుంటానంది. ఆయన సరేనన్నాడు.

సంగతి తెలిసి బ్రహ్మం స్కూటరు మీద ఊడిపడ్డాడు.

“ఏంది పోలమ్మా నువ్వు చేసింది? గెలిచే కేసు తీసుకెళ్లి హారతి పళ్లెంలో పెడతావా?”

“గెలిస్తే ఆయన పైకోర్టుకు పోడా అన్నా?”

“పోతాడు.”

“ఆడ ఎన్నేళ్లు?”

బ్రహ్మం మీసం సవరించుకున్నాడు.

“అందాకా ఈయన ఉంటాడా? అమ్మ కాడ అప్పీలు లేదన్నా.”

“బోనులో అబద్ధమాడినోడు గుళ్లో ఆడడా?”

“కోర్టులో ఎవురైనా ఆడతారు” అంది పోలమ్మ.

బ్రహ్మం తన నల్లకోటు వంక చూసుకున్నాడు. మంచంలోంచి మస్తానయ్య అన్నాడు: “నా చావు సంగతి మీరిద్దరే మాట్టాడుకోండి, నాకేం అడ్డం లేదు. కాస్త గొంతు తగ్గించు బావా. కునుకు పట్టనీయవు.”

శుక్రవారం బ్రహ్మం కోర్టు మానేసి గుడికి వెళ్లాడు. బూట్లు బయట విడిచి, ఎండకు కాలిన బండల మీద ఉత్తకాళ్లతో పోలమ్మ పక్కన నిలబడ్డాడు. సాంబశివరావు స్నానం చేసి తడిబట్టలతో వచ్చాడు. పూజారి కర్పూరం వెలిగించాడు. దాన్ని అరచేత్తో ఆర్పేస్తే సందు ఆయనదైపోతుంది. మస్తానయ్య ఇక మంచం మీదే ఊరేగాలి. మూడేళ్ల వాదనంతా గోరంత మంటలో పడిందని బ్రహ్మానికి ఒళ్లు మండుతోంది. కానీ అరవడానికి అక్కడ జడ్జి లేడు.

ఆ తర్వాతి భాగం రాజుపాలెంలో ఎవరినడిగినా ఒకేలా చెబుతారు. సాంబశివరావు చెయ్యెత్తాడు. ఎదురుగా ఉన్న బ్రహ్మం ఒక్క చూపు చూశాడు. ఆ దెబ్బకు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బిగుసుకుపోయింది. కర్పూరం కరగడం మరిచి అరగంట వెలిగింది. గోపురం మీది పావురాలు వరసగా అటెన్షన్‌లో నిలబడ్డాయి. చివరికి సాంబశివరావు చెయ్యి దించి, “నా వల్ల కాదు, గోడ తీసేస్తా” అని తడిబట్టలతోనే ఇంటికి పోయాడు.

చివరి ముక్క మాత్రం నిజం. మర్నాడు గోడ పడింది. ఆటో వచ్చి మస్తానయ్య గుమ్మం ముందు ఆగింది.

సోమవారం కోర్టు బయట టీ కొట్టు దగ్గర జూనియరు కీర్తి అడిగింది. “సార్, సరిహద్దులో శత్రువును చూసినట్టు చూశారంట కదా. ఆ చూపేదో మాకూ నేర్పండి.”

బ్రహ్మం గ్లాసు కింద పెట్టాడు.

“చూపూ లేదు, ఏమీ లేదమ్మా. ఆయన చెయ్యెత్తంగానే నాకు భయమేసి కళ్లు మూసుకున్నా.”