గోర్గాబురు దారిలో ‘ఆగు’ అన్న మాట

ఈ ప్రయాణం నా ఆలోచన కాదు, అప్పలరాజుది. సాల్ట్ లేక్‌లో మా ఆఫీసు, అతనిది నా పక్క సీటు. హౌరా పక్కనే టికియాపారాలో పుట్టి పెరిగాడు. తాత కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చేసిన కుటుంబం వాళ్ళది. నేను రాజమండ్రి నుంచి ఉద్యోగానికి వచ్చి ఏడేళ్ళు. అందరూ ఇక్కడ అక్కల్ని పిలిచినట్టే అతను తెలుగులో మాట్లాడుతూ కూడా నన్ను ‘దిదీ’ అనేవాడు. వాళ్ళ నాన్న గ్యాంగ్‌మన్‌గా చాలా ఏళ్ళు పురూలియా దాటాక బలరాంపూర్ దగ్గర పట్టాల మీద పనిచేశారు. తల ఎత్తితే దూరంగా నీలంగా అయోధ్య కొండలు. (రాముడి అయోధ్య కాదు, బెంగాల్ పడమటి అంచున ఉండే కొండలివి.) ఒక్కసారైనా ఎక్కే తీరిక ఆయనకు దొరకలేదు. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించాక, అన్నిటికన్నా ఎత్తైన గోర్గాబురు శిఖరం మీద నుంచి ఒక రాయి తెచ్చిపెట్టమని కొడుకుని అడిగారట, కిటికీలో పెట్టుకుంటానని. ఆ రాయి కోసమే జనవరిలో ముగ్గురం బయల్దేరాం. మూడోవాడు మా ఆఫీసులోనే పనిచేసే కిరణ్, వరంగల్ నుంచి వచ్చి ఏడాది, బెంగాలీ ఒక్క ముక్క రాదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి దారి చెబుతాను. శనివారం పొద్దున్నే హౌరాలో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి పురూలియాలో దిగుతారు. స్టేషన్ బయట కారు మాట్లాడుకుంటే కొండల కింద ఉన్న బాఘ్‌ముండీకి రెండు గంటలు. మా డ్రైవరు రెండు రోజులకీ కలిపి అయిదు వేలు అడిగాడు, అప్పలరాజు బెంగాలీలో బేరమాడి నాలుగున్నరకి దించాడు. రైలు, కారు, లాడ్జి, గైడు అన్నీ అతనే చూసుకున్నాడు. మేమిద్దరం బ్యాగులు తగిలించుకుని ఎక్కామంతే.

రైల్లోనే మొదలైంది ఎగతాళి. కిరణ్ ఏదో అడిగితే అప్పలరాజు అలవాటుగా "ఏటి?" అన్నాడు. బెంగాలీలో ‘ఏటి’ అంటే ‘ఇది’. పక్కనే నిలబడిన ఝాల్‌మురీ అతను తనతోనే అన్నాడనుకుని, మరమరాల పొట్లం కట్టి చేతిలో పెట్టేశాడు. అప్పలరాజు కూడా నవ్వి డబ్బులిచ్చాడు. ఆ తర్వాత ఖరగ్‌పూర్ దాటేదాకా కిరణ్ ప్రతి మాటకీ ఏటి, ఏటి అంటూ అతన్ని ఆటపట్టించాడు. అప్పలరాజు నవ్వడం ఎప్పుడో మానేశాడు. అది గమనించి కూడా అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే.

ఆదివారం ఆరున్నరకి నడక మొదలుపెట్టాం. అంతకుముందు ఊళ్ళో మట్టి కప్పులో టీ, మరమరాల్లో ఉడికించిన బఠాణీల ఘుగ్ని కలిపిన టిఫిను, చివర్లో ఖర్జూర బెల్లం ముక్క. మనిషికి యాభై రూపాయలు. చలికి వేళ్ళు వంగడం లేదు. గైడు బుధుదా, యాభై దాటిన మనిషి, మెడకి గంఛా తువ్వాలు చుట్టుకుని చెప్పుల్తోనే నడిచాడు. రోజుకి ఆరువందలు తీసుకుంటాడు. అతను లేకుండా వెళ్ళకండి, ఎందుకంటే సాల్ చెట్ల అడవిలో కట్టెల కోసం తిరిగేవాళ్ళ కాలిబాటలు అన్నీ ఒకేలా ఉంటాయి. రాలిన ఆకులు మంచుకి తడిసి జారుతున్నాయి. గంటన్నర తర్వాత చెట్లు పలచబడి బండలు మొదలయ్యాయి, పైనుంచి పొగమంచు దిగింది.

అప్పలరాజు వెనకబడుతూ వచ్చాడు. బండ కనిపిస్తే ఆగడం, వాళ్ళ నాన్న లైను ఏ దిక్కున ఉంటుందో బుధుదాని అడగడం. సాయంత్రం రైలు తప్పిపోతుందని నాకు లోపల ఉడుకు. కిరణ్ చెవుల్లో పాటలు పెట్టుకుని వీడియో తీసుకుంటూ ముందు వెళ్ళిపోయాడు. శిఖరం ఇంకో ఇరవై నిమిషాలని బుధుదా అన్న చోట, వెనక మంచులోంచి అప్పలరాజు కేక వినిపించింది.

"ఆగు! ఆగు!"

బుధుదా నా వైపు తిరిగి, "ఆగు జాతే బోల్‌ఛేన్" అన్నాడు. వాళ్ళ వైపు మాటలో ‘ఆగు’ అంటే ముందుకు. మమ్మల్ని ముందుకు వెళ్ళమంటున్నాడని అతను అనుకున్నాడు. ఆ కేక విన్నవాళ్ళలో ‘ఆగు’ అనే మాటకి రెండర్థాలూ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. వివరించడానికి ఒక్క వాక్యం చాలు. మళ్ళీ ఏ బండ దగ్గరో కూర్చుని కబుర్లు చెబుతాడు, వస్తాడులే అనుకున్నాను. బుధుదాతో "హ్యాఁ" అన్నాను. అవునని. నడిచాం.

తొమ్మిదింపావుకి పైకి చేరాం. మంచు విడిపోయి కింద అడవి, చెరువులు, పొలాలు ఎండలో కనబడ్డాయి. చాలా బాగుంది, అబద్ధం చెప్పను. ఫోటోలు దిగాం. అరగంట చూసినా అప్పలరాజు రాలేదు. అప్పుడు భయం వేసింది. గుప్పెట్లో పట్టేంత నల్లరాయి ఒకటి బ్యాగులో వేసుకుని దిగాను.

కేక వినిపించిన చోటికి కొంచెం కిందే ఉన్నాడు. బూటు విప్పి బండ మీద కూర్చున్నాడు, చీలమండ వాచిపోయింది. కట్టెలకి వచ్చిన ఒక ముసలామె తన పాత గుడ్డ చించి కట్టు కట్టి, మేం వచ్చేదాకా పక్కనే కూర్చుందట. చలికి అతని పెదాలు నల్లబడ్డాయి.

"నా కేక ఇనబడనేదా, దిదీ?" అని అడిగాడు.

పొగమంచు కదా, వినబడలేదన్నాను. మా మాటలు అర్థంకాని బుధుదా, పాపం మర్యాదకొద్దీ, బెంగాలీలో సంజాయిషీ చెప్పుకున్నాడు: మీరు ముందుకు వెళ్ళమని కేకేశారు, దిదీ కూడా అవునంది, అందుకే వెళ్ళాం దాదా అని. అప్పలరాజుకి బెంగాలీ నాకన్నా బాగా వచ్చు. కట్టు బిగించుకుంటూ నా వైపు తిరిగాడు.

"ఆగు అంటే ఏటో ఆయనకి తెల్దు. మీకు తెల్సు గదా."

కిందికి దిగిన మూడు గంటలూ అతను బుధుదా భుజం పట్టుకున్నాడు. నేను చెయ్యిచ్చిన రెండుసార్లూ పక్కనున్న చెట్టు పట్టుకున్నాడు. హౌరాలో దిగాక రాయి తీసి ఇచ్చాను. అతను తీసుకోలేదు. "నాను ఎక్కనేదు. ఎక్కినట్టు మా నాన్నకి రాయెలా ఇస్తాను?" అని కుంటుకుంటూ టాక్సీల వైపు వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పక్క సీటు నుంచి నన్ను ‘మేడమ్’ అంటున్నాడు. చాలా మర్యాదగా, అవసరమైనంత మటుకే. కాలు నయమయ్యాక ఒక్కడే వెళ్తాడని కిరణ్ ద్వారా తెలిసింది. నేనూ వస్తానని చెప్పి పంపాను, జవాబు రాలేదు. ఏడేళ్ళుగా రెండు భాషలు వచ్చని గొప్పలు పోయాను. అవసరమైన ఒక్కసారి నాకు ఏ అర్థం పనికొస్తుందో దాన్నే విన్నాను. రాయి నా సొరుగులో ఉంది, ఎవరిదో నాకు తెలియదు.

వెళ్ళేవాళ్ళకి ఒక సూచన. గైడుకి ముందే చెప్పండి, మా భాషలో ‘ఆగు’ అంటే నిలబడమని. మధ్యలో ఆ కేక మీకు మాత్రమే అర్థమైతే, ఆగండి.