ఎమ్రిస్ పారీ అడిగిన కంచె

ఆ శనివారం నా పూటకూళ్లింటి వంటింట్లో జరిగిన గొడవలో, మా ఊరి జట్టుకి బంతి విసిరే ఎమ్రిస్ పారీయే గెలిచాడు. ఓడిపోయుంటే బాగుండేది.

మా జిల్లాలో ఆదివారం బేస్‌బాల్ ఆడితే జరిమానా. పాస్టర్లు పట్టుబట్టి పెట్టించిన చట్టం. అందుకని జీతాలిచ్చి ఆడించే మా జట్టువాళ్లు మర్నాటి ఆటని పక్క జిల్లా మైదానానికి మార్చారు. మైదానమని పేరే గానీ, కుడివైపు కంచె ఎంత దగ్గరంటే, నేను అంట్లు తోమిన నీళ్లు విసిరితే అవతల పడతాయి. అలాంటిచోట ముందే ఒప్పందం చేసుకోవడం రివాజు. కంచె దాటిన బంతికి రెండు బేసులేనా, అంటే సగం దూరమేనా, నాలుగూ చుట్టొచ్చినట్టు లెక్కేసి పూర్తి పరుగా అని.

"రెండు బేసులే," అన్నాడు మేనేజర్ హార్ట్‌జెల్, నేను వండిన క్యాబేజీ నములుతూ.

"పూర్తి పరుగు పెట్టండి సార్. మనవాళ్లలో ఐదుగురు ఎడమచేత్తో కొట్టేవాళ్లు, వాళ్ల బంతి కుడివైపుకే పోతుంది. ఆ కంచె మనదే," అన్నాడు ఎమ్రిస్.

"బంతి విసిరేది నువ్వు కదరా! వాళ్లు కొడితేనో?"

"నా బంతి కనబడితే కదా కొట్టడానికి!"

బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వి, వాడి పక్షానే చేరారు. హార్ట్‌జెల్ మూతి తుడుచుకున్నాడు. "సరే, నీ మాటే కానీ. తేడా వచ్చిందో, ఇక బొగ్గు తవ్వుకుందువుగాని."

ఎమ్రిస్ కూడా నవ్వాడు. ముఖం మాత్రం పాలిపోయింది.

తొమ్మిదో ఏట గనిలోకి దిగినవాడు వాడు. ఇరవై రెండో ఏట పైకప్పు కూలి అన్న గ్విలిమ్ పక్కనే చచ్చిపోతే, రెండు రోజులు ఆ చీకట్లో శవంతోపాటు ఉన్నాడు. ఆ తర్వాత పన్నెండేళ్లు బంతి విసురుతూ పైనే బతికాడు. ఆ వేసవిలో భుజం పోయింది. నేను బాతుకొవ్వు రాస్తుంటే పళ్లు బిగించేవాడు, ఎవరికీ చెప్పొద్దనేవాడు. ఒక్క ఆట ఘనంగా గెలిస్తే ఇంకో ఏడాది ఉంచుకుంటారని వాడి ఆశ. అందుకే ఆ కంచె అడిగాడు.

మొదటి ఇన్నింగ్సులోనే అవతలివాళ్లు కొట్టిన బంతులు మూడు కంచె దాటాయి. రెండోదాంట్లో ఐదు. జనం మొదట తిట్టారు, తర్వాత నవ్వారు. నాలుగో ఇన్నింగ్సుకొచ్చేసరికి ఎవరూ నోరు మెదపలేదు. ఆ నిశ్శబ్దమే తనని వణికించిందని తర్వాత చెప్పాడు. గనిలో కప్పు కూలే ముందు కూడా అంతే, ఎలుకలు సైతం చప్పుడు చెయ్యవట.

ఇరవై ఆరు పరుగుల దగ్గర చెయ్యెత్తి మేనేజర్ని పిలిచాడు. "సార్, ఇంకొకణ్ణి పెట్టండి. భుజం లేవడం లేదు."

"నువ్వడిగిన కంచె కదా. చివరిదాకా నువ్వే కాసుకో!"

ఏడో ఇన్నింగ్సులో వాళ్లు కొట్టిన ఒక బంతి వాడి చెవి పక్కగా బుసకొడుతూ పోయి, టోపీ ఎగరగొట్టింది. వాడు వంగి టోపీ తీసుకున్నాడు. పెట్టుకోకుండా నడుముకి దోపుకున్నాడు. మళ్లీ బంతి అడిగి పుచ్చుకుని విసిరాడు. చివరికి వాళ్లవి నలభై మూడు పరుగులు, మావి నాలుగు. మా ఐదుగురు ఎడమచేతి వీరులూ ఆ కంచె దాటించింది ఒకే ఒక్కసారి.

ఆట అవ్వగానే హార్ట్‌జెల్ వాణ్ణి తీసేశాడు.

సోమవారం మధ్యాహ్నం నేను బఠాణీలు ఒలుస్తుంటే ఎమ్రిస్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. గని ఆఫీసులో పేరు రాయించుకొచ్చాడట. నా గిన్నెలోంచి ఒక కాయ తీసుకుని ఒలవసాగాడు.

"అమ్మా, రేపు పొద్దున నాతో గనిదాకా వస్తావా?"

"మతి పోయిందిరా? పనికెళ్తూ ఆడదాని ముఖం చూస్తే మీవాళ్లంతా అపశకునమని ఇంటిదారి పడతారు. నన్ను రాళ్లుచ్చుకు కొడతారు."

"కట్టెల షెడ్డు వెనక నిలబడు. ఎవరికీ కనబడవు. నువ్వక్కడున్నావని నాకొక్కడికి తెలిస్తే చాలు. మమ్మల్ని గనిలోకి దింపే తొట్టి పూర్తిగా కిందికి దిగి, తాడు ఆగేదాకా కదలకు."